గరగర రేడియోది కాదు, లైనుది

రేడియో పెడితే గరగర తప్ప మాట వినపడటం లేదని విద్యుత్ కార్యాలయానికి వెళ్లి చెప్పిన రైతులకు దొరికే జవాబు ఒక్కటే: "మీ సెట్టు పాతదయింది, మార్చుకోండి." కొందరైతే నవ్వుతారు. ఈ రోజుల్లో రేడియో ఏమిటండీ, చేతిలో ఫోన్ లేదా అంటారు. మా మండలంలో ఇలా చెప్పించుకుని వచ్చిన వాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఇద్దరు నిజంగానే కొత్త సెట్లు కొన్నారు. కొత్త సెట్టులోనూ అదే గరగర.

మేము సూటిగా చెప్పదలచుకున్నాం. ఆ గరగర సెట్టుది కాదు. పొలాల మీదుగా పోతున్న 11 కేవీ లైనులో ఎక్కడో జంపరు వదులైంది, లేదా పింగాణీ ఇన్సులేటరు చిట్లింది, లేదా తీగను కట్టిన బైండింగ్ ఊడింది. ఇవాళ రేడియోలో పాట పాడవుతుంది. రేపు ఆ తీగే తెగి చేలో పడుతుంది. రేడియో మనకు ముందుగా చెబుతున్న కబురును "సెట్టు మార్చుకోండి" అని కొట్టిపారేయడం బాధ్యత వదిలించుకోవడమే.

ముందు ఆ నవ్వుకు జవాబు చెప్పాలి. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. 837 కిలోహెర్ట్జ్ ముల్లు ఎక్కడుంటుందో మన పెద్దవాళ్లు కళ్లు మూసుకుని తిప్పగలరు. ఒకప్పుడు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టి మరీ రేడియో విన్న తరం అది. ఇప్పటికీ బోరు దగ్గర నీళ్లు మార్చే రైతు, గొర్రెల మంద వెంట తిరిగే మనిషి, రాత్రి కళ్లంలో కాపలా పడుకునేవాడు రెండు సెల్లుల రేడియోనే పెట్టుకుంటాడు. ఫోన్‌లో వినాలంటే డేటా ఉండాలి, సిగ్నల్ ఉండాలి, చార్జింగ్ ఉండాలి. మీడియం వేవ్ పట్టే ఫోన్ బజారులో దొరకదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. ఊళ్లో టవర్ పడుకున్నా ఎక్కడో దూరాన ఉన్న స్టేషను మాట అందేది బ్యాటరీ రేడియోకే. ఆ వేళకు సెట్టు గరగరలాడుతుంటే ఏ హెచ్చరిక వినాలి?

ఇక ఈ చప్పుడు ఎలా పుడుతుందో చూద్దాం. ఉరిమే ముందు మెరుపు మెరిస్తే రేడియోలో టప్పుమంటుంది, అందరం విన్నదే. వెల్డింగ్ షాపు పక్కన సెట్టు పెట్టినా అంతే. నిప్పురవ్వ ఎక్కడ ఎగిరినా అది రేడియో తరంగాన్ని పుట్టిస్తుంది. లైనులో బోల్టు వదులై తీగకూ కొక్కేనికీ మధ్య వెంట్రుకంత సందు వస్తే, కరెంటు ఆ సందును దూకుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. మారిన ప్రతిసారీ రెండు ఉధృతులు ఉంటాయి కాబట్టి ఆ రవ్వలు సెకనుకు 100 దఫాలు ఎగురుతాయి. ఆ లెక్కే మన చెవికి బుర్రుమనే మోతగా వినిపిస్తుంది. పైగా కిలోమీటర్ల పొడవున్న లైను తీగే ఏరియల్‌లా పనిచేసి ఆ మోతను ఊరూరా మోసుకుపోతుంది. తప్పు ఒక స్తంభం మీద ఉంటే చప్పుడు పది చేలల్లో వినపడేది అందుకే. ఎఫ్ఎం స్టేషన్లకు ఈ బెడద చాలా తక్కువ. మీడియం వేవే దెబ్బతింటుంది.

చప్పుడు విన్నంతనే లైను మీద పడకూడదు. ఇంట్లో దొంగను వదిలి వీధిలో వెతికినట్టవుతుంది. రేడియోను బ్యాటరీ మీద నడిపి, ఇంటి మెయిన్ ఆపి చూడాలి. చప్పుడు ఆగితే తప్పు ఇంట్లోనే ఉంది. నాసిరకం ఎల్ఈడీ బల్బులు, చౌక చార్జర్లు, ఇన్వర్టర్లు ఇలాంటి మోత చేస్తాయి. సెకనుకొకసారి టక్కు టక్కుమంటే అది ఎవరి చేనుకో పెట్టిన బ్యాటరీ కంచె పెట్టె కావచ్చు. మోటారు వేసినప్పుడే వస్తే స్టార్టరు పాయింట్లు చూసుకోవాలి. అవేవీ కానప్పుడు ఫీడరు వేళలు గమనించండి. వ్యవసాయ ఫీడరుకు కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో మనకు తెలియంది కాదు. ఆ ఫీడరు ఆగిన నిమిషానికే రేడియో శుభ్రంగా పలికితే దొంగ ఆ ఫీడరు మీదే ఉన్నాడు. ఊరి ఫీడరు ఆగితే ఆగుతుందా, పొలాల ఫీడరు ఆగితే ఆగుతుందా అని వారం రోజులు గంటలు రాసుకుంటే సగం పని అయిపోయినట్టే.

వాతావరణం కూడా సాక్ష్యం చెబుతుంది. ఎండ కాసి, గాలి వీచే రోజున పెరిగి, వాన పడగానే ఆగిపోయే చప్పుడు వదులైన ఇనుముది. తడి ఆ సందును పూడుస్తుంది కాబట్టి రవ్వ ఆగుతుంది. తెల్లవారుజామున మంచుకూ, సన్నటి తుంపరకూ ఎక్కువయ్యే చప్పుడు మాత్రం మురికి పట్టిన, చిట్లిన పింగాణీది. సముద్రం పక్క మండలాల్లో ఉప్పు పేరుకుంటుంది. ఇటుక బట్టీలు, క్రషర్ల పక్కన దుమ్ము పేరుకుంటుంది. తొలి తుంపర పడగానే ఆ దుమ్ము మీదుగా కరెంటు పాకుతుంది. తొలకరికి ఫీడర్లు టప టప ట్రిప్పవడానికి ఇదొక ముఖ్య కారణం. పెద్ద పెద్ద టవర్ల 220, 400 కేవీ లైన్ల కింద వానలో వినపడే సన్నటి సీసీ శబ్దం వేరు. అది ఆ వోల్టేజీకి ఉండేదే, దాన్ని తప్పుగా లెక్కపెట్టకండి.

స్తంభాన్ని పట్టుకోవడానికి ఏ ఇంజనీరూ అక్కర్లేదు. ఏ రేడియోలోనైనా మీడియం వేవ్ కోసం లోపల ఒక నల్లటి కడ్డీ ఉంటుంది, దాని మీద సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. సాధారణంగా సెట్టు పైభాగంలో అడ్డంగా పడుకుని ఉంటుంది. బయటికి లాగే ఏరియల్‌కూ మీడియం వేవ్‌కూ సంబంధం లేదు, పని చేసేది ఆ కడ్డీయే. స్టేషను లేని ఖాళీ చోటికి ముల్లు తిప్పి, సెట్టును నేలకు సమంగా పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిరగండి. ఒక దిక్కున చప్పుడు గభాలున తగ్గిపోతుంది. అప్పుడు కడ్డీ కొన ఎటు చూస్తుందో ఆ దారిలోనే తప్పు ఉంది. ఎక్కువ వినపడే దిక్కును నమ్మకండి, అది వెడల్పుగా ఉంటుంది. తగ్గిపోయే దిక్కు సన్నగా, కచ్చితంగా ఉంటుంది. అయితే కొనలు రెండు కదా, ముందా వెనకా అన్నది ఒక్క చోటి నుంచి తేలదు. ఆ దిక్కును కాగితం మీద గీత గీసుకుని, అర కిలోమీటరు పక్కకు నడిచి మళ్లీ చూడాలి. రెండు గీతలు ఎక్కడ కలిస్తే అక్కడికి వెళ్లాలి. ఈ పని లైనుకు రెండు మూడు వందల గజాల దూరం నుంచే చేయాలి. లైను కిందికి వస్తే తీగంతా మోగుతుంటుంది, దిక్కు చెదిరిపోతుంది.

దగ్గరికి వచ్చాక షార్ట్‌వేవ్‌కు మార్చండి. మీడియం వేవ్ మోత తీగ వెంట చాలా దూరం పోతుంది. షార్ట్‌వేవ్‌లో పైకి పోయేకొద్దీ ఆ మోత అంత దూరం పోలేదు. అంటే ముల్లు ఎంత పైన ఉన్నప్పుడు చప్పుడు వినపడితే తప్పుడు స్తంభం మీకు అంత దగ్గర్లో ఉన్నట్టు. ఇక్కడ లాగే ఏరియల్ పనికొస్తుంది. చప్పుడు మరీ ఎక్కువైతే దాన్ని కుదించుకుంటూ పోవాలి. అలా నాలుగైదు స్తంభాల్లో ఒకటి తేలుతుంది. చీకటి పడ్డాక దూరంగా నిలబడి చూస్తే కొన్నిసార్లు నీలం రవ్వ కంటికే కనిపిస్తుంది.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. స్తంభాన్ని సుత్తితో కొట్టి చూస్తే చప్పుడు మారుతుందని కొందరు చెబుతారు. మారుతుంది నిజమే, దాంతోపాటు సగం ఊడిన తీగ నెత్తిన పడుతుంది కూడా. స్తంభాన్ని కొట్టొద్దు, ఊపొద్దు, స్టే వైరు ముట్టొద్దు, ఎర్తు తీగ ముట్టొద్దు. చిట్లిన పింగాణీ ఉన్న స్తంభానికి, ముఖ్యంగా తడిగా ఉన్నప్పుడు, కరెంటు దిగి ఉండొచ్చు. ఎక్కే సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫ్యూజు వేయబోయి, జంపరు బిగించబోయి పోయిన రైతుల ఫొటోలు మన ప్రతి ఊళ్లో గోడలకు వేలాడుతున్నాయి. మన పని చూసి రాయడం వరకే. బిగించడం జీతం తీసుకునే సంస్థ పని.

మా ఊళ్లో గత ఫిబ్రవరిలో మేము ఐదుగురం మూడు సెట్లతో రెండు సాయంత్రాలు తిరిగాం. మొదటి సాయంత్రం గీతలు రెండూ చెరువు కట్ట అవతల కలిశాయి. రెండో సాయంత్రానికి లైను మలుపు తిరిగే స్తంభం దగ్గర ఆగాం. కింద మిరప చేను, కోతలు ముమ్మరంగా ఉన్నాయి, ఆ స్తంభం చుట్టూ రోజూ పాతిక మంది ఆడకూలీలు వంగి కాయ కోస్తున్నారు. మధ్యాహ్నం అన్నాలు తినేది ఆ స్తంభం పక్కనున్న వేపచెట్టు నీడలోనే. స్తంభం నంబరు, ఫీడరు పేరు, చప్పుడు వచ్చే వేళలు, ఫొటో పెట్టి అర్జీ ఇచ్చాం. "రేడియో మా పరిధిలోకి రాదు" అన్నారు. రెండో అర్జీ ఇచ్చాం, రసీదు ఇవ్వలేదు. మూడోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. దాని మీద రేడియో అన్న మాటే తీసేసి, "ఈ స్తంభం మీద తీగ తెగి మనుషులు చనిపోయే ప్రమాదం ఉంది, మీకు ఈ తేదీన తెలియజేశాం" అని మాత్రమే రాశాం. నాలుగో రోజున లైన్ క్లియర్ తీసుకుని మనుషులు వచ్చారు. పని ఇరవై నిమిషాలు. దించిన జంపరు చూస్తే ఏడు పోగుల తీగలో నాలుగు పోగులు కాలిపోయి ఉన్నాయి. మిగిలిన మూడు పోగుల మీద ఊరి పొలాల కరెంటంతా నడుస్తోంది. ఆ సాయంత్రం విజయవాడ స్టేషను స్పష్టంగా వినపడింది.

ఆ వచ్చిన లైన్‌మన్ మాతో ఒక మాట అన్నాడు. సామాను అడిగితే స్టోర్సులో లేదంటారు, నా కింద ఇన్ని ఊళ్లు, చెట్ల కొమ్మలు కొట్టడానికే సమయం చాలదు అన్నాడు. నిజమే. ఒక్కో మనిషికి మూడు నాలుగు ఊళ్లు అప్పగించి, ఖాళీలు నింపకుండా, కాంట్రాక్టు కూలీలతో బండి లాగిస్తుంటే స్తంభం స్తంభానికీ తిరిగి చూసేదెవరు? స్తంభాల మీద ప్రాణాలు పోయేవాళ్లలో వాళ్లూ ఉన్నారు. మన పోరాటం కింద నిలబడ్డ లైన్‌మన్ మీద కాదు. ఆ ఖాళీలు నింపని వాళ్ల మీద.

డబ్బు లేదంటే నమ్మడానికి మేము సిద్ధంగా లేము. 2020 సెప్టెంబరులో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టాలని ఉత్తర్వు ఇచ్చి శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టినప్పుడు డబ్బు ఎలా వచ్చింది? మీటరుకు ఉన్న నిధి పింగాణీకి లేకపోవడం ఏమిటి? ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే దించి, ట్రాక్టరులో వేసుకుని, రిపేరు షెడ్డుకు మోసి, తిరిగి తెచ్చే ఖర్చు ఇప్పటికీ ఆ ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులే చందాలు వేసుకుని భరిస్తున్నారు. ఫ్యూజు తీగ కూడా మనమే కొంటున్నాం. ఇంత చేయించుకుని, రేడియో గరగర సంగతి ఎత్తగానే "ఉచిత కరెంటు తీసుకుంటూ ఇంకా ఫిర్యాదులా?" అంటారు.

ఈ మాటకు ఊళ్లలో కొందరు రైతులు కూడా తల దించుకుంటున్నారు. దించుకోవద్దు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీలకు వ్యతిరేకంగా నడిచిన ఊరేగింపు మీద కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలిచ్చారు. ఆ పోరాటం తర్వాతే 2004లో ఉచిత విద్యుత్ వచ్చింది. ఉచితం అంటే సంస్థకు డబ్బు రావడం లేదని కాదు. విద్యుత్ చట్టం 2003, 65వ సెక్షన్ ప్రకారం ఆ రాయితీ సొమ్మును ప్రభుత్వం ముందుగానే పంపిణీ సంస్థకు కట్టాలి. ఆ సొమ్ము జనం పన్నులే. లైను బాగు చేయకుండా ఉండటానికి ఏ చట్టమూ రాయితీ ఇవ్వలేదు. పైగా ఆ లైను కిందికి వచ్చేది మోటారు పెట్టుకున్న రైతు ఒక్కడే కాదు. కౌలుదారు వస్తాడు, కూలీ వస్తుంది, బడికి పోయే పిల్లలు వస్తారు, గేదెలు వస్తాయి.

మనిషి పోయాక ఏం జరుగుతుందో మనకు తెలుసు. "రైతు అజాగ్రత్త" అని రాస్తారు. "గాలివాన" అని రాస్తారు. "ఎవరో అక్రమంగా తీగ తగిలించారు" అని రాస్తారు. మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కూడా సరిగ్గా ఇదే వాదించింది. వాన రాత్రి ఫ్యాక్టరీ నుంచి సైకిలు మీద ఇంటికి పోతున్న ఒక కార్మికుడు తెగిపడిన తీగ మీదికి పోయి చనిపోయాడు. ఆ తీగను కరెంటు దొంగతనానికి వేరేవాళ్లు లాగారు, మా తప్పు లేదు అంది బోర్డు. 2002లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ప్రమాదకరమైన కరెంటును సరఫరా చేసే సంస్థ, ఎవరి నిర్లక్ష్యం ఎంత అన్నదానితో పని లేకుండా నష్టానికి బాధ్యత వహించాల్సిందేనని చెప్పింది. ఇది ప్రతి గ్రామ కమిటీ కార్యదర్శికి నోటికి రావాలి. ప్రమాదం జరిగితే సమాచారం ఇవ్వాలనీ, విద్యుత్ తనిఖీ అధికారి చేత విచారణ జరిపించవచ్చనీ చట్టంలో 161వ సెక్షన్ ఉంది. ఆ విచారణ ముందు మన చేతిలో తేదీ వేసిన అర్జీ ఉంటే "మాకు తెలియదు" అన్న మాట నిలవదు. రేడియో పట్టుకుని తిరగడం వల్ల లాభం ఏమిటని అడిగేవాళ్లకు మా జవాబు ఆ తేదీయే.

అర్జీ ఎలా రాయాలో కూడా మా అనుభవం చెబుతాం. చప్పుడు గురించి పేజీలు నింపొద్దు. స్తంభం నంబరు, నంబరు చెరిగిపోతే పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఎన్నో స్తంభం, ఏ సర్వే నంబరు చేలో ఉంది, కింద ఎవరు పని చేస్తారు, ఎప్పటి నుంచి అన్నది రాయండి. ముందు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని దాన్ని కూడా అందులో వేయండి. నిర్ణీత గడువులో పని జరగకపోతే 57వ సెక్షన్ కింద పరిహారం అడిగే హక్కు ఉంది. స్థానిక కార్యాలయం కదలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, అక్కడా న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఈ రెండింటికీ వకీలు అక్కర్లేదు, తెల్ల కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వొచ్చు. ఒక్కడు వెళితే కుర్చీ చూపించరు. పది మంది సంతకాలతో సంఘం తరఫున వెళ్లాలి.

ప్రభుత్వాన్నీ పంపిణీ సంస్థలనూ మేము డిమాండ్ చేస్తున్నాం. ఏటా తొలకరికి ముందు ప్రతి 11 కేవీ లైనునూ నడిచి తనిఖీ చేసి, ఏ స్తంభం మీద ఏమి మార్చారో గ్రామ సచివాలయంలో అతికించాలి. రేడియో చప్పుడు గురించి వచ్చిన ఫిర్యాదును లైను లోపం ఫిర్యాదుగానే సబ్‌స్టేషన్ రిజిస్టరులో ఎక్కించి రసీదు ఇవ్వాలి. లైన్‌మన్ ఖాళీలు నింపాలి, వాళ్లకు సామాను ఇవ్వాలి. ట్రాన్స్‌ఫార్మర్ల రవాణా ఖర్చు రైతు నెత్తిన వేయడం ఆపాలి.

సంఘం సభ్యులకు మా మాట ఒకటే. ఎండలు ముదిరి గాలి పొడిబారే ఈ రెండు నెలలే వదులు బోల్టును పట్టుకోవడానికి అనువైన కాలం. ప్రతి గ్రామ కమిటీ రెండు రేడియోలు, కొత్త సెల్లులు, గీతలు గీయడానికి ఊరి పటం సిద్ధం చేసుకోవాలి. పటం కావాలంటే సర్వేయరు దగ్గర నకలు దొరుకుతుంది. గుర్తించిన స్తంభాల పట్టికనూ, ఇచ్చిన అర్జీల నకళ్లనూ, వచ్చిన జవాబులనూ, రాకపోతే రాలేదన్న మాటనూ వచ్చే నెల మండల కమిటీ సమావేశానికి తీసుకురండి. అవన్నీ కలిపి ఒకే కట్టగా సూపరింటెండింగ్ ఇంజనీరు కార్యాలయానికి మనమే మోసుకెళ్దాం. ఒక రేడియో కూడా వెంట ఉంటుంది, కొత్త సెల్లులతో.